ఎవరి యెర వారికి

గడచిన పదునైదేండ్లలో తెలుగు గద్యమునందు అన్నిటికంటె నెక్కువగా చదువబడిన ప్రక్రియ యేది యని యెవరైన మమ్మడిగినచో, నవల యనికాని, కథ యనికాని, వ్యాసమనికాని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. అది శీర్షిక. దినమునకు పది పుటలు చదువుట కోపిక లేనివాడును సెల్‌ఫోను తెర మీద నూరు శీర్షికల పైని వ్రేలు జార్చుచునే యున్నాడు. అయినను మన సాహిత్యవిమర్శ శీర్షికను విమర్శార్హమైన రచనగా నెంచుట యరుదు. ఏడెనిమిది పదముల పద్యపాదములో యతి తప్పినచో సభలలో వాదములు పెట్టుకొను మనము, ఏడెనిమిది పదముల శీర్షికలో సత్యము తప్పినప్పుడు మాత్రము నవ్వి యూరకుందుము. ఈ యుపేక్షకు కాలము చెల్లినదని మా యభిప్రాయము.

మేమిచ్చట విమర్శింపబూనినది అన్ని శీర్షికలను కాదు. ఇంగ్లీషున క్లిక్‌బెయిట్ అని పిలువబడు జాతిని మాత్రమే. క్లిక్కనగా తెర మీద మీటుట. బెయిటనగా గాలమునకు గ్రుచ్చిన యెర. కావున మేము దానిని ఎరశీర్షిక యందుము. అందులోను ఇటీవల ప్రబలిన విశేషజాతి యొకటి కలదు. చదువరి యెవడో, వాడు నిన్న నేమి చూచెనో, దేనియెదుట నెంతసేపు నిలిచెనో తెలిసికొని, వానికొక్కనికే తగునట్టుగా ఎదుట పెట్టబడు నెర యది. మొదటి జాతి పాతది, రెండవది క్రొత్తది. రెంటిని కలిపి తిట్టుట సులభము. కాని రెంటికిని చికిత్స యొకటి కాదు.

పాతజాతి లక్షణము వ్యాకరణమునందే బయటపడును. చెప్పబడిన నామమునకు బదులుగా వచ్చునది సర్వనామమని బడిలో నేర్చితిమి. ఎరశీర్షికలో సర్వనామము ముందే వచ్చి కూర్చుండును. నామ మెన్నటికిని రాదు. ‘ఆ హీరో చేసిన పనికి అందరూ షాక్’, ‘ఇది తింటే ఇక అంతే’, ‘ఈ ఒక్క తప్పు చేయకండి’ అను ధోరణి దినదినము చూచుచున్నదే. ఏ హీరో? ఏ పని? ఏది తినిన? ‘అంతే’ యనగా ఎంత? చిన్నయసూరి ఆ, ఈ, ఏ యను మూడింటికిని త్రికమని పేరు పెట్టెను. బాలవ్యాకరణము వెలసిన నూటయేబదియేండ్ల పిమ్మట త్రికమునకు ఇంతటి యుద్యోగము దొరకునని పాపమాయన యూహించి యుండడు. ‘ఆ’ యనునది దూరముననున్న వస్తువును చూపుటకు పుట్టిన మాట. ఇప్పుడది వస్తువును దాచుటకు వాడబడుచున్నది.

రెండవ లక్షణము ప్రశ్న. ‘ఆ జంట విడిపోయిందా?’ యని వ్రాసినచో, క్రియ చివర దీర్ఘమొకటి చేరినంత మాత్రమున అసత్యము ప్రశ్నగా మారిపోవును. ప్రశ్నను అబద్ధమని నిరూపింపగలవాడెవడు? న్యాయస్థానములో నిలిచినను, మేమడిగితిమే కాని యనలేదని తప్పించుకొనవచ్చును. ఇచ్చట మాకొక విషయము మిక్కిలి బాధ కలిగించుచున్నది. సందిగ్ధమైన వార్తను చెప్పుటకు మన భాషలో చిరకాలమునుండి నిజాయితీ గల మాట యొకటి కలదు. అది ‘అట’. ‘విడిపోయారట’ యని చెప్పినవాడు తాను చూడలేదని, వినినమాటయని, దానికి తాను పూచీపడుట లేదని రెండక్షరములలో ఒప్పుకొనుచున్నాడు. రచ్చబండ మీద పుకారు చెప్పు ముసలివాడు సైతము ఈ ‘అట’ను విడువడు. వానికున్న పాటి మర్యాద, చదువుకొన్న శీర్షికాకర్తకు లేకపోయినది. ‘అట’ను త్రోసిపుచ్చి ప్రశ్నచిహ్నమును చేపట్టినాడు. ఒకటి బాధ్యతను తెలుపునది. రెండవది బాధ్యతను ఎగవేయునది. ఒక జాతి యేండ్లతరబడి ఇట్టి వాక్యములనే చదివినచో, వినికిడికిని చూపునకును గల భేదమును దాని భాష మరచిపోవునేమో యని మాకు భయము.

ఇక ‘సంచలనం’, ‘షాకింగ్’, ‘వైరల్’ మున్నగు మాటల సంగతి చెప్పనక్కరలేదు. గంటగంటకు సంచలనము కలుగుచున్నది. నటుడొకడు విమానాశ్రయమున చొక్కా మార్చుకొనినను సంచలనమే. నిజముగా వంతెన కూలిన దినమున వాడుటకు పత్రికవానికి మాట మిగులలేదు.

అట్లని కుతూహలమును రేపుట దోషమని మేమనము. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల కట్టడమంతయు కుతూహలము మీదనే నిలిచినది. మణిసిద్ధుడను యతి వెంట కాశికి బోవు గోపకుమారుడు మజిలీమజిలీకి ఊరిలో వింత యేదో చూచి వచ్చి, దాని కారణము చెప్పుమనును. అడిగినదానికి కథ చెప్పితీరవలెనన్నది వారి యొడంబడిక. వింత యెంత పెద్దదో కథయు నంత పెద్దది. కథ ముగియువరకు ప్రయాణము సాగదు. హరికథాదాసు కథను మంచి పట్టున నాపి హారతిపళ్లెము త్రిప్పించుట మాత్రము మనమెరుగనిదా? పళ్లెము తిరిగిన పిమ్మట కథ సాగును. సాగనిచో ఆ యూర మరునాడు పందిరి వేయువా రుండరు. అనగా కుతూహలము చదువరి చేత పెట్టించిన యప్పు. దీక్షితులుగారును దాసుగారును దానిని వడ్డీతో తీర్చిరి. ఎరశీర్షిక అప్పు తీసికొని పరారియగును.

ఈ యప్పునకు మనస్తత్త్వశాస్త్రజ్ఞులును లెక్క కట్టిరి. జార్జి లోవెన్‌స్టీన్ అను అమెరికా పండితుడు 1994లో ప్రకటించిన వ్యాసమున, మన కేమియు తెలియని విషయము మనలను కదలింపదనియు, కొంత తెలిసి కొంత తెలియనప్పుడు ఆ నడిమి ఖాళీయే దురదవలె బాధించుననియు వివరించెను. ఎరశీర్షిక చేయు పని యంతయు ఇదియే: మూడు వంతులు చెప్పి నాల్గవ వంతును తలుపు వెనుక నుంచుట. తలుపు తీసినవానికి లోపల కనబడునది తరచుగా మొదటి మూడు వంతులే, నాలుగు ప్రకటనల నడుమ.

ఇంతవరకు చెప్పినది పాతజబ్బు. దానికి పూర్వచరిత్ర యెంతయో కలదు. 1835 ఆగష్టులో న్యూయార్కు నగరమున ‘సన్’ అను చవుకపత్రిక, చంద్రమండలముమీద రెక్కలు గల మనుష్యులు కనబడిరని, జాన్ హెర్షెల్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుని పేరు చెప్పి వరుసగా వ్యాసములు ప్రకటించెను. జనులు విరుగబడి కొనిరి. అది పచ్చి యబద్ధము. కాని అందరు నేకకాలమున చదివిన యబద్ధము. వీధిలో చదివినవాడు వీధిలోనే సందేహించెను. తోడిపత్రికలు దాని గుట్టు విప్పుటకు వీలు చిక్కినది. అబద్ధము బహిరంగమైనప్పుడు దాని ఖండనమును బహిరంగముగానే పుట్టగలదు. ఈ మాటను చదువరులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. మా ఫిర్యాదంతయు దీనిమీదనే యాధారపడి యున్నది.

క్రొత్తజాతి పుట్టుకలో విచిత్రమైన ఘట్టమొకటి కలదు. ఎలీ పారిసర్ అను అమెరికావాసి 2011లో ‘ది ఫిల్టర్ బబుల్’ అను గ్రంథము వ్రాసి, ఎవరి రుచికి తగినది వారికే వడ్డించు యంత్రములు మనుష్యుని యొక బుడగలో బంధించునని హెచ్చరించెను. మంచిమాట. మరుసటి సంవత్సరమే ఆయన మరియొకనితో గూడి అప్‌వర్తీ యను ప్రచురణసంస్థను నెలకొల్పెను. అందు ఒక్కొక్క విషయమునకు ఇరువదియైదు శీర్షికలు వ్రాయవలెనని నియమము. వానిలో కొన్నింటిని కొందరికొకటి చొప్పున చూపి, దేనిని ఎక్కువమంది మీటిరో దానినే నిలుపుదురు. ఉద్దేశము సదుద్దేశమే, మంచివిషయములను పదిమందికి చేర్చుటయే. కాని ఆ పద్ధతి మంచి చెడ్డల నెరుగదు. సంస్థవారి పరీక్షల చిట్టా యనంతరము పరిశోధకుల చేతికి వచ్చినది. లక్షకు పైబడిన శీర్షికాభేదములను, 57 లక్షల మీటులను పరిశీలించి 2023లో ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’ అను పత్రికలో ప్రకటించిన ఫలితమేమన, సగటు పొడవు గల శీర్షికలో దుఃఖమునో కీడునో తెలుపు మాట యొక్కటి అదనముగా చేర్చిన, మీటువారి ప్రమాణము 2.3 శాతము పెరిగినది. శుభమును తెలుపు మాట చేర్చినచో తగ్గినది. సమాజసేవకు పుట్టిన సంస్థయే ఇట్లు తేల్చినప్పుడు, కేవలము ధనార్జనకు పుట్టినవాని గతి యూహింపవచ్చును.

ఇంతకును ఇది గుంపునకంతకు ఒక యెరను వెదకుటయే. తరువాతి మెట్టున గుంపు పోయి వ్యక్తి మిగిలినాడు. నెట్‌ఫ్లిక్స్ అను చలనచిత్రసంస్థ 2017 డిసెంబరులో తన సాంకేతికపత్రమునందు దాపరికము లేకుండ వివరించినది. ‘గుడ్ విల్ హంటింగ్’ అను చిత్రమును చూపదలచినప్పుడు, ప్రేమకథలు చూచువానికి నాయికానాయకులు దగ్గరగానున్న బొమ్మను, హాస్యచిత్రములు చూచువానికి రాబిన్ విలియమ్స్ అను హాస్యనటుని బొమ్మను పైన నతికింతురట. (ఈ ‘అట’ను మేము తెలిసియే వాడుచున్నాము, వారు చెప్పినదే కాని మేము చూచినది కాదు.) మరుసటి సంవత్సరము అమెరికాలోని నల్లజాతి ప్రేక్షకులు కొందరు, తెల్లవారే ప్రధానపాత్రలైన చిత్రములకు కొద్దిసేపు మాత్రమే కనబడు నల్లజాతి నటుల బొమ్మలు తమకు చూపబడినవని ఆక్షేపించిరి. సంస్థవారు, మేమెవరి జాతిని అడుగలేదు, వారు చూచిన చిత్రముల చరిత్రను మాత్రమే చూచితిమని సమాధానము చెప్పిరి. ఇందలి సూక్ష్మమును గమనింపవలెను. ఆ బొమ్మ చిత్రములో నున్నదే. బొమ్మలో అబద్ధము లేదు. దానిని చూచి వాడేమనుకొనునో ముందుగా లెక్కించి చూపుటలో నున్నది మోసము. పాతకాలపు సత్యాసత్యవిచారణకు చిక్కని మోసమిది.

మన దేశమునకు వత్తము. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన పిమ్మట డేటా చవుకయై, పల్లెలలో సైతము చేతచేతకు తెర వచ్చినది. 2011 జనాభాలెక్కల ప్రకారము తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్లకు మించిరి. వీరిలో చాలమందికి వార్తాపత్రిక చందా లేదు; యూట్యూబు కలదు. ఒకే యింట నలుగురుందురు. తండ్రికి మధుమేహము, తల్లికి కూతురి పెండ్లి దిగులు, కొడుకునకు ఉద్యోగము లేదు, కోడలికి నాలుగేండ్లయినను సంతానము లేదు. నాలుగు ఫోనులు ప్రక్కప్రక్కన పెట్టి చూచిన తెలియును. ఒకదానిలో మందులు లేకుండ షుగరు మాయమగు కషాయము. ఒకదానిలో ఈ రాశివారికి ఈ నెలలో కల్యాణయోగము. ఒకదానిలో ఇంట కూర్చుండి దినమునకు ఐదువేలు. ఒకదానిలో ఈ ఆకు తినిన గర్భము నిలుచుట. ఎవరి గాయము మీద వారికి ఉప్పు. యంత్రమునకు మనసు లేదు, పగయు లేదు. ఎవడు దేనియెదుట నెన్ని క్షణము లాగెనో లెక్కించును. అట్లాగినవారు మరి దేనిని మీటిరో పోల్చును. మీటుట కెక్కువ యవకాశము గలదానిని పైకి తెచ్చును. అర్ధరాత్రి నిద్రపట్టక కోడలు ఒక విడియో యెదుట నలుబది క్షణములు నిలిచినచో, మరునాటి యుదయము అట్టివి పది సిద్ధముగా నుండును. ఆమె తన యత్తతో చెప్పుకొనలేని దిగులును ఆ తెర యెరుగును. తండ్రి వైద్యుడిచ్చిన మాత్ర మానివేసి కషాయము పట్టినచో, ఎందుకు మానెనో ఇంటివా రెవ్వరికిని తెలియదు. ఆ శీర్షికను వారెన్నడును చూచి యుండరు గదా!

మా వాదమునకు ఇదియే కీలకము. గోడమీద నంటించిన యబద్ధమును ఊరంతయు చూచును. ఒకడు నమ్మిన నొకడు నవ్వును. ఒక వైద్యుడు దారిని పోవుచు చింపివేయును. ఒక్కనికే చూపబడు నబద్ధమునకు సాక్షి లేడు. సాక్షి లేనిచోట విమర్శకు లక్ష్యమే లేదు. మేమీ వ్యాసము వ్రాయుచు మా తెర మీద కనబడు శీర్షికలను ఉదాహరించిన, అవి మాకు వేయబడిన యెరలే యగును. చదువరి కెట్టివి వేయబడుచున్నవో మే మెరుగజాలము. ఒక గ్రంథమును విమర్శించినప్పుడు చదువరియు నదే గ్రంథమును తెరచి మా మాట సరిచూచుకొనవచ్చును. ఇక్కడ ఎవరి ప్రతి వారిదే. సంపాదకుడు, విమర్శకుడు, న్యాయాధిపతి, తోడికోడలు, వీరిలో నెవ్వరును అడ్డుపడుటకు వీలులేని స్థలమున భాష ప్రయోగింపబడుట భాషాచరిత్రలో సామాన్యవిషయము కాదు.

కొంద రనవచ్చును: ఎవరు బలవంతపెట్టిరి? వ్రేలు వానిది, మీటు వానిది. ఈ వాదమును మేము తేలికగా త్రోయము. కాని చదువరి నిజముగా కోరునదేమో అడిగిచూచిన, జవాబు వేరుగా వచ్చినది. 2014 ఆగష్టులో ఫేస్‌బుక్కువారే తమ చదువరుల నడిగినప్పుడు, నూటికి ఎనుబది మారులు, పూర్తివ్యాసము చదువవలెనో వద్దో తేల్చుకొనుటకు తోడ్పడు శీర్షికనే కోరిరని తేలినది. అనగా మీటుట వేరు, మెచ్చుట వేరు. ఆకలి లేనివాడును వేపుడు వాసనకు తల త్రిప్పును. అంతమాత్రమున వానిని భోజనమునకు పిలిచినట్లు కాదు. వ్రేలి కదలికను హృదయాభిప్రాయముగా లెక్కవ్రాసికొనుట యీ వ్యాపారమున మొదటి తప్పులెక్క.

మరికొందరు, ఇట్లు చేయనిచో పత్రికలు బ్రతుకవందురు. ప్రకటనల రాబడి మీటుల మీద నాధారపడినంతకాలము ఆ బాధ నిజమే. రాత్రి పాళీలో కూర్చుండి గంటకిన్ని శీర్షికలని లెక్క యప్పగించు చిన్నయుద్యోగిని మేము నిందింపము. వాని జీతము వాని నామవాచకముల మీద గాక సర్వనామముల మీద నాధారపడి యున్నది. కాని యజమానులు గమనింపవలసిన దొకటున్నది. 2012లో యూట్యూబువారు, ఎంతమంది మీటిరన్నది గాక ఎంతసేపు చూచిరన్నది లెక్కింతుమని మార్పు చేసిరి. మీటించి మోసగించువాడు దీనితో నశించునని తలంపు. ఏమైనది? ఒక్క వాక్యములో చెప్పదగిన జవాబును పదునెనిమిది నిమిషములు సాగదీయు విద్య పుట్టినది. ‘విడియో చివరివరకు చూడండి’ యనునది నేటి తెలుగు విడియోలలో మంగళాచరణమైనది. ఇప్పుడు విడియో తీయువాడు మూడు బొమ్మలను పోటీకి పెట్టి ఏది నెగ్గునో పరీక్షించుకొను సౌకర్యమును యూట్యూబే కల్పించినది. ఒక కొలబద్దను మార్చిన, ఆ కొలబద్దకు తగిన క్రొత్తమోసము పుట్టును.

రక్షణకై జరిగిన ప్రయత్నములు లేకపోలేదు. 2016లో ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. పరిశోధకులు ఇంగ్లీషు ఎరశీర్షికలను గుర్తించి హెచ్చరించు సాధనమును రచించిరి. ప్రతివానికి చిరాకు కలిగించు నెర యొకటి కాదు కనుక, చదువరి అభిరుచిని బట్టియే అడ్డగించునట్లు దానిని తీర్చిరి. వ్యక్తిగతమైన యెరకు వ్యక్తిగతమైన వల. ఈ యూహ మాకు నచ్చినది. 2021లో హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి. పరిశోధకులు లక్షకు మించిన తెలుగు శీర్షికలకు గుర్తులు పెట్టి, తెలుగున నీ పని యెట్లు సాధ్యమో చూపిరి. ఇది తెలుగువారు గర్వింపదగిన కృషి. ఫేస్‌బుక్కువారు 2016లో ఇంగ్లీషున ఎరపదములను పసిగట్టు పద్ధతి నేర్పరచి, 2017లో మరికొన్ని భాషలకు విస్తరించినప్పుడు, ఆ పట్టికలో తెలుగు లేదు. ఎనిమిది కోట్లమందిమి ప్రకటనలు చూచుటకు లెక్కకు వత్తుము, రక్షణకు రాము.

2024 డిసెంబరులో యూట్యూబువారు భారతదేశమునందు ఘోరమైన ఎరశీర్షికలపై, ముఖ్యముగా వార్తలకు సంబంధించినవానిపై, కఠినముగా వ్యవహరింతుమని ప్రకటించిరి. దేశాధ్యక్షుడు రాజీనామా చేసెనని శీర్షిక పెట్టి విడియోలో ఆ యూసే యెత్తకుండుట వారిచ్చిన యుదాహరణము. మొదట శిక్ష లేకుండ విడియోను మాత్రము తీసివేయుదుమనిరి. స్వాగతింపదగినదే. కాని శీర్షికలో చెప్పినది విడియోలో నుండవలెనన్న ఈ నియమమునకు, పందొమ్మిదవ నిమిషమున సగము మాటగా చెప్పువాడు చిక్కడు. ప్రశ్నచిహ్నము చాటున దాగినవాడు చిక్కడు. కషాయపు విడియోలో కషాయమును శ్రద్ధగా కాచి చూపువాడు అసలే చిక్కడు. ఆ విడియోను ఆ మధుమేహరోగి కండ్లయెదుటికే తెచ్చిన యంత్రము సంగతి ఈ నియమమున లేనేలేదు. దొంగసరుకు అమ్మిన దుకాణదారును పట్టుకొని, ఇల్లిల్లు చూపించి తీసికొనివచ్చిన దళారిని విడిచిపెట్టినట్లున్నది.

వద్దని చెప్పుటకు మీటలున్నవి గదా యందురు. మొజిల్లా సంస్థవారు 2022లో, ఇరువదిరెండువేలకు పైబడిన స్వచ్ఛందసేవకుల సాయమున, యూట్యూబులోని ఆ మీటలను పరీక్షించిరి. ‘నచ్చలేదు’ అను మీట అవాంఛితమైన సిఫారసులలో నూటికి 12 మాత్రమే ఆపినది. ‘ఆసక్తి లేదు’ అనునది 11. ‘ఈ చానెలును సిఫారసు చేయవద్దు’ అనునది 43. ఇంటికి రావద్దని చెప్పినను పదింట తొమ్మిదిమారులు వచ్చు అతిథిని మర్యాదస్థుడనగలమా?

చట్టముల విషయమున మనకంటె ఐరోపావారు ఒక యడుగు ముందున్నారు. వారి 2022 నాటి డిజిటలు సేవల చట్టము, సిఫారసుయంత్రము దేనిని బట్టి యెంచుచున్నదో సులభభాషలో చెప్పవలెననియు, మిక్కిలి పెద్దసంస్థలు చదువరి చరిత్రతో నిమిత్తములేని వరుస నొకదానిని ఇచ్చితీరవలెననియు విధించినది. మన కేంద్రప్రభుత్వము 2023 నవంబరులో వినియోగదారుల రక్షణకై ప్రకటించిన మార్గదర్శకములలో పదమూడు వంచనావిధములు పేర్కొనబడినవి. ఎర చూపి సరుకు మార్చుట వానిలో నొకటి. కాని అది వస్తువుల క్రయవిక్రయములకు సంబంధించినది. చెప్పుల జత విషయమున ఎర చూపి మార్చిన నేరము. ఆరోగ్యము విషయమున ఎర చూపి గంటసేపు కూర్చుండబెట్టిన వినోదము! అదే సంవత్సరపు వ్యక్తిగతదత్తాంశ రక్షణచట్టము పదునెనిమిదేండ్లలోపు పిల్లల నడవడిని వెంబడించి కనిపెట్టుటను, వారిపై గురిపెట్టి ప్రకటనలు వేయుటను నిషేధించినది. నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్యవిధులు పదునెనిమిది మాసముల గడువు పిమ్మట అమలగునట్లు వ్రాయబడినవి. పిల్లలకు సంబంధించినంతవరకు ఇది మంచిచట్టమే.

మేము కోరునది ఇంతకంటె పెద్దదేమియు కాదు. ఒక రచనకు ఎన్ని శీర్షికలు, ఎన్ని బొమ్మలు పెట్టి పరీక్షించిరో అన్నియు ఆ రచన క్రిందనే, ఎవ్వరైనను చూచునట్లు నిలిచి యుండవలెను. గోడమీది యబద్ధమును తిరిగి గోడమీదికి తెచ్చుటయే దీని ప్రయోజనము. రోగమునకును అప్పునకును సంబంధించిన విషయములలో, చదువరి చరిత్రను బట్టి సిఫారసు చేయుట మొదటినుండియే మాన్పబడి యుండవలెను. కావలసినవాడు తానై వెదకికొనును. చరిత్రలేని వరుస ఎక్కడనో అమరికల యడుగున దాచబడిన యనుగ్రహముగా గాక, ఫోను కొన్ననాటి సహజస్థితిగా నుండవలెను. మన తెలుగుపత్రికలవారు స్వయముగా చేయగల పని యొకటున్నది: శీర్షికలో ‘ఆ’, ‘ఈ’ లు వచ్చినచోట దాని నామమును వ్రాయుట, పుకారు వచ్చినచోట ‘అట’ వ్రాయుట. దీనికి ప్రభుత్వపు టుత్తరువు అక్కరలేదు, నీలిపెన్సిలు గల యుపసంపాదకుడు చాలును. అట్లు దిద్దబడిన శీర్షికకు మీటులు తగ్గవచ్చును. తగ్గిన యా మీటులు ఎవరివో యోచించిన, తిట్టుకొనుచు వెనుకకు పోయినవారివే యని తెలియును.

చట్టము పదునెనిమిదేండ్ల లోపువారిని కాచును. డెబ్బదియేండ్ల తల్లిని కాచునది లేదు. ఆమె యక్షరమును నమ్మిన తరమునకు చెందినది. అచ్చులో వచ్చినదానికి ఎవరో బాధ్యులుందురని యెంచినది. తెరమీది యక్షరమును ఆమె కట్లే నమ్ముచున్నది. ఆమె విషయమున సర్కారు కొరకు వేచియుండ నక్కరలేదు. 2023 ఆగష్టు నుండి, చూచినవాని చరిత్రను ఆపివేసి పాతచరిత్రను తుడిచివేసినచో, యూట్యూబు మొదటిపుట సిఫారసులు లేక ఖాళీగా నుండును; కావలసిన పురాణప్రవచనమో పాతపాటయో పేరు వ్రాసియో, పలికియో వెదకికొనవచ్చును. అమరికలలో చరిత్రకు సంబంధించిన చోట ఆ మీట యున్నది. ఆదివారము ఇంటికి పోయిన కొడుకో కూతురో ఆమె నడిగి, ఎందుకో చెప్పి, ఆమె ప్రక్కన కూర్చుండి చేసిన, అది ఐదు నిమిషముల పని.